ఎవరూ పట్టుకోని తప్పు

లైటు మారుస్తున్నాం మేడం, కాసేపు అలాగే కూర్చోండి, కదిలితే మళ్ళీ ఫోకస్ పోతుంది అని చెప్పి గడ్డం కెమెరామన్ ఎటో వెళ్ళిపోయాడు. నేను ఈ పొడుగు స్టూలు మీద కాళ్ళు నేలకి అందక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాను. నిలబడి పాఠం చెప్పే మనిషిని కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది, చేతులు రెండూ ఎవరో తమవి నాకు అప్పజెప్పి వెళ్ళినట్టున్నాయి. ఎదురుగా కెమెరా, దాని ముందు వాలుగా ఒక గాజు పలక, పలక మీద నేను చెప్పాల్సిన మాటలు తెల్లటి అక్షరాల్లో. గోడలన్నిటికీ నల్లటి స్పాంజి అతికించారు, మాట గోడకి తగిలి తిరిగి రాకూడదట. ఇందాక ఊరికే ఒకసారి దగ్గి చూశాను. దగ్గు నోట్లోంచి బయటికి వచ్చి అక్కడికక్కడే చచ్చిపోయింది. ఇన్నేళ్ళూ నా గొంతు ఎన్ని గోడలకి తగిలింది, ఎన్ని వెనక బెంచీల దాకా వెళ్ళొచ్చింది, వచ్చేటప్పుడు ఏదో ఒకటి మోసుకొచ్చేది, ఒక నవ్వో, ఒక గొణుగుడో, ఏమీ లేకపోతే కనీసం ఒక ఆవులింతో. ఇక్కడ పంపినది పంపినట్టే పోతుంది. సుద్దముక్క కూడా వద్దన్నారు, పొడి లెన్సులో పడుతుందట, మార్కరిచ్చారు. దాని వాసన నాకు పడదు.

కోఆర్డినేటర్ అమ్మాయి పొద్దున్నే అంతా విడమరిచి చెప్పింది. మంచి పిల్లే, నా వయసు చూసి కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, తర్వాతే చెప్పింది. వచ్చే ఏడాది నుంచి మా స్కూలు బ్రాంచీలన్నిట్లో ఒకే రోజు, ఒకే గంటకి, ఒకే పాఠం తెర మీద వస్తుందట. ఒక పిల్లవాడికి మంచి టీచరు దొరికి ఇంకొకడికి దొరకకపోవడం అన్యాయం కదా మేడం అంది. అన్యాయమే మరి. ఆరో తరగతి లెక్కలకి మిమ్మల్నే అనుకున్నాం, పిల్లలు ఫీడ్‌బ్యాక్‌లో మీ పేరే రాశారు అంది. ఇవాళ శాంపిల్ పాఠం బాగా వస్తే ఏడాది పాఠాలన్నీ నేనే ఈ గదిలో చెప్పాలి. ఇక క్లాసుకి వెళ్ళక్కర్లేదు. ఇష్టం లేకపోతే క్లాసులోనే ఉండొచ్చు, కానీ టీచరుగా కాదు, ఫెసిలిటేటర్‌గా. అంటే ఏంటమ్మా అన్నాను. తెర ఆన్ చేయాలి, గోల లేకుండా చూసుకోవాలి, పాఠం అయ్యాక ఆఫ్ చేయాలి, సొంతంగా ఏమీ చెప్పకూడదు మేడం, చెబితే అన్ని బ్రాంచీలూ ఒకేలా ఉండవు కదా అంది. మొత్తానికి నా ముందున్నవి రెండు దారులే. ఇక్కడుంటే నోరుంటుంది, పిల్లలుండరు. అక్కడుంటే పిల్లలుంటారు, నోరుండదు. ఏదో ఒకటి ఇవాళ మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా చెప్పాలి.

గాజు పలక మీద అక్షరాలు కదలకుండా నిలబడి నన్నే చూస్తున్నాయి. ఎవరు రాశారో గానీ శ్రద్ధగా రాశారు. పిల్లలూ, ఇవాళ మనం భిన్నాల కూడిక నేర్చుకుందాం. బ్రాకెట్లో, చిరునవ్వు. అర్థమైందా పిల్లలూ. బ్రాకెట్లో, రెండు సెకన్లు ఆగండి. వెరీ గుడ్. ఎవరికి వెరీ గుడ్, ఎందుకు వెరీ గుడ్, ఆ రెండు సెకన్లలో ఎవడు ఏం చేశాడని వెరీ గుడ్. అర్థమైందా అని అడిగితే అర్థమైంది టీచర్ అని క్లాసంతా రాగం తీసి చెబుతుందే, అంతకంటే పెద్ద అబద్ధం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఆ రాగం వింటే చాలు, వీళ్ళకి ఒక్క ముక్క ఎక్కలేదని నాకు తెలిసిపోయేది. ఎక్కినవాళ్ళు రాగం తీయరు. ఎక్కినవాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, లేకపోతే పక్కవాడి మోచేయి పొడుస్తాడు, లేకపోతే నుదురు ముడేసి ఐతే మరి అని మొదలుపెడతాడు. ఆ ఐతే మరి కోసమే నేను రోజూ పొద్దున్నే లేచి బస్సెక్కేదాన్ని.

మొదటిసారి తప్పు నిజంగానే జరిగింది. ఉద్యోగంలో చేరిన కొత్త, వెనక బెంచీలో హెడ్‌మాస్టరు కూర్చున్నారు, ఆ కంగారులో అరకి మూడోవంతు కలపమన్న లెక్కలో పైవి పైకి, కిందివి కిందికి కలిపేసి ఐదింట రెండు అని బోర్డు మీద రాసేశాను. రాసి వెనక్కి తిరిగాను. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ బుద్ధిగా నోట్సులో ఎక్కించుకుంటున్నారు, నేను ఏనుగుకి రెక్కలుంటాయని రాసినా ఎక్కించుకునేవాళ్ళే. అప్పుడు గోడ పక్క నుంచి, ఎప్పుడూ గోడకి అంటుకుని కూర్చుంటుందని పిల్లలంతా బల్లి అని పిలిచే ఒక పిల్ల, నేను వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పని పిల్ల, సగం గ్లాసు నీళ్ళున్నాయనుకోండి టీచర్ అంది. ఆ గొంతు ఎవరిదో నాకు ముందు అర్థం కాలేదు. సగం గ్లాసులో ఇంకా కొన్ని పోస్తే తగ్గుతాయా టీచర్ అంది. బోర్డు వైపు తిరిగి చూశాను. ఐదింట రెండు అంటే సగం కంటే తక్కువ. పోశాను, తగ్గాయి. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి, ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఏం చేయాలో తోచక సుద్దముక్క ఆ పిల్ల చేతిలో పెట్టాను. అది వచ్చి బోర్డు ముందు నిలబడింది, చెయ్యి పైదాకా అందలేదు, కింద మూల తనకి అందినంత చోట గ్లాసు బొమ్మ వేసింది, దాన్ని గీతలు పెట్టి ఆరు భాగాలు చేసింది. క్లాసులో ఎవడూ నోట్సు రాయడం లేదు. అందరూ చూస్తున్నారు, హెడ్‌మాస్టరుతో సహా.

ఆ రోజు నుంచి నేను తప్పులు చేయడం మొదలుపెట్టాను. రోజుకొకటి, కావాలనే. ఎక్కడ చేస్తానో చెప్పను, చేసి పక్కకి తప్పుకుని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. పట్టుకున్నవాళ్ళకి సుద్దముక్క. అంతే, దానికి మించి ఏ విద్యా లేదు నా దగ్గర. పిల్లలు నన్ను తప్పుల టీచరనేవాళ్ళు, నేను వినడం లేదనుకుని. తప్పు చేయడం అంత తేలికేం కాదు, రాత్రి భోజనమయ్యాక కూర్చుని ఆలోచించుకోవాలి. మరీ పచ్చిగా ఉంటే వాళ్ళకి చులకన, మరీ లోతుగా ఉంటే ఎవరికీ దొరకదు, వాళ్ళు నిజంగా ఎక్కడ జారతారో సరిగ్గా అక్కడే నేను ముందు జారాలి. అందుకని ఏటా కొత్త తప్పులు వెతుక్కునేదాన్ని, పిల్లలు మారితే జారే చోటు మారుతుంది కదా. ఒకసారి ఒక తండ్రి హెడ్‌మాస్టరు గదిలోకి వచ్చి మీ టీచరమ్మకి లెక్కలు రావట, మావాడు రోజూ దిద్దుతున్నాడట, ఫీజు వాడికే ఇవ్వండి మరి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కోపం కంటే కొడుకు మీద మురిపెమే ఎక్కువుంది. నాకు నవ్వాగలేదు.

స్టాఫ్ రూములో, ఇంకో సెక్షనుకి లెక్కలు చెప్పే మా గడియారం మాస్టారికి మాత్రం నేనంటే ఒళ్ళు మంట. ఆయన చివరి వాక్యానికి చుక్క పెట్టడం, గంట కొట్టడం ఒక్కసారే జరుగుతాయి, అందుకే ఆ పేరు. మీ క్లాసులో అంత గోలేంటండీ, నా క్లాసులో సూది పడ్డా వినిపిస్తుంది అనేవారు. సూది ఎవరు పడేశారని మీ క్లాసులో ఎవరైనా అడిగారా మాస్టారూ అన్నాను ఒకరోజు. ఆయన ఆ తర్వాత వారం నాతో మాట్లాడలేదు. చెడ్డాయన కాదు, ఆయన పిల్లలకి మార్కులు వచ్చేవి, నా పిల్లలకీ వచ్చేవి గానీ కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా. ఉమ్మడి పరీక్షలు పెట్టాక ఆ కాస్త తక్కువ స్టాఫ్ రూము గోడ మీది చార్టులో రంగుల గీతగా ఎక్కింది, అందరి గీతల పక్కన నా గీత. ఆ గీత చూపించి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అననక్కర్లేకుండానే అది అక్కడుండేది, టీ తాగేటప్పుడు, టిఫిన్ డబ్బా విప్పేటప్పుడు. నేను వీపు దానివైపు పెట్టి కూర్చోవడం నేర్చుకున్నాను.

కెమెరామన్ నిచ్చెన తెచ్చాడు. పైనెక్కి లైటు తిప్పుతున్నాడు, వెలుగు ఒకసారి నా మోకాళ్ళ మీద, ఒకసారి బోర్డు మీద, ఒకసారి నా కళ్ళలో. ఇంకో పది నిమిషాలు మేడం అంటున్నాడు. పరవాలేదు బాబూ అన్నాను. అన్నానా, నా గొంతు నాకే వినిపించలేదు. ఇలా మాట అని అది చేరిందో లేదో తెలియకపోవడం నాకు కొత్తేం కాదు, మా ఆయన పోయాక ఇంట్లో జరిగేది ఇదే. ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, అదే పని, ఆ పని ఇంటికొచ్చినా దిగేది కాదు. నేను అక్కకి ఫోనులో ఏదైనా చెబుతుంటే చాలు, మొన్న మంగళవారం కూరగాయలకి వెళ్ళానా అని మొదలుపెట్టేలోగా పక్క గదిలోంచి, మంగళవారం కాదు, బుధవారం. ఆకుపచ్చ గొడుగు పట్టుకెళ్ళాను అంటే, గొడుగు పట్టుకెళ్ళలేదు, అందుకే తడిశావు. తల ప్రాణం తోకకొచ్చేది. కథ మీరే చెప్పండి, నేనెందుకు, అని ఫోను చేతికిచ్చేసేదాన్ని. అక్క అవతల నుంచి పగలబడి నవ్వేది. ఇప్పుడు నేను మంగళవారమంటే మంగళవారమే. గొడుగంటే గొడుగే. అక్కకి ఏం చెప్పినా ఊఁ అంటుంది, పాపం దానికి చెవులు సరిగ్గా వినపడటం లేదు, ఊఁ అనడం మాత్రం మానలేదు.

ఒకరోజు సాయంత్రం, బట్టలు మడతపెడుతూ, మన పెళ్ళి కుండపోత వానలో జరిగింది అని పైకే అన్నాను. జరగలేదు, మబ్బు పట్టింది, అంతే, చినుకు కూడా పడలేదు, ఆ విషయంలో ఆయన నన్ను ఎన్నిసార్లు దిద్దారో లెక్కలేదు. కావాలనే అన్నాను. అని, దుప్పటి చేత్తో పట్టుకుని, ఆగాను. క్లాసులో ఆగినట్టే ఆగాను. ఫ్రిజ్ గుర్రుమంటోంది, పై ఇంట్లో ఎవరో కుర్చీ జరిపారు. నేను ఇంకా కాసేపు ఆగాను. ఆ తర్వాత దుప్పటి మడతపెట్టి బీరువాలో పెట్టాను, అన్నం వండుకోబుద్ధి కాలేదు, పడుకున్నాను. మర్నాడు క్లాసులో త్రికోణానికి నాలుగు మూలలు గీశాను. టీచర్, టీచర్, టీచర్ అని పదిమంది ఒక్కసారే లేచారు. బోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను, సుద్దపొడి పడిందని చెప్పాను. ఆ పిల్లలకి తెలియదు, వాళ్ళు దిద్దింది లెక్క ఒక్కటే కాదు ఆ రోజు.

రెడీ మేడం అంది పైకప్పులోని స్పీకరు. కోఆర్డినేటర్ అమ్మాయి పక్క గదిలో తెర ముందు ఉంది, గొంతు మాత్రం నా నెత్తి మీద నుంచి వస్తోంది. గాజు మీద వచ్చింది వచ్చినట్టు చదవండి, మధ్యలో మీ స్టైల్లో కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు, మాకు కావాల్సింది మీ స్టైలే అంది. స్టూలు దిగాను. కాళ్ళు నేలకి తగలగానే ప్రాణం లేచొచ్చింది. ఎర్ర చుక్క వెలిగింది. పిల్లలూ, ఇవాళ మనం భిన్నాల కూడిక నేర్చుకుందాం. నవ్వాను, బ్రాకెట్లో ఉంది కాబట్టి. ఒక గ్లాసులో సగం దాకా నీళ్ళున్నాయి. ఇంకా మూడోవంతు గ్లాసు పోశాను. మొత్తం ఎంత. బోర్డు వైపు తిరిగి అర రాశాను, కూడిక గుర్తు, మూడోవంతు, సమానం. చెయ్యి ఆగలేదు. నేను చెప్పలేదు దానికి, దానికి తెలిసిన దారే అది, ఐదింట రెండు అని రాసి, పక్కకి తప్పుకుని, మార్కరు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయాను.

క్లాసులో నిశ్శబ్దాలు నాకు బాగా తెలుసు. భయపడిన నిశ్శబ్దం ఒకటుంటుంది, దాంట్లో కాళ్ళు కదలవు. నిద్రొచ్చిన నిశ్శబ్దం ఒకటి, మధ్యాహ్నం మొదటి పీరియడుది, మెత్తగా ఉంటుంది. మూడోది నేను తప్పు రాసిన తర్వాత వచ్చేది. మొదట ఏమీ ఉండదు. తర్వాత ఒక పెన్సిలు ఆగుతుంది. ఎవరో ఒకరు బోర్డు వంక, నోట్సు వంక, మళ్ళీ బోర్డు వంక చూస్తారు. నా మొహం వంక చూస్తారు, నేను అమాయకంగా ఉంటాను. పక్కవాడి చెవిలో ఒక గుసగుస. కాదులే అంటాడు పక్కవాడు. అవును చూడు అంటుంది ఆ చూసిన పిల్ల. ఆ గుసగుస రెండు బెంచీలు దాటేసరికి నా గుండె ఎంత కొట్టుకునేదో, ఇన్నేళ్ళయినా అంతే, పడుతుందా, దొరుకుతుందా, లేవనా వద్దా అని ఆ పిల్ల అనుకుంటోంది, లే తల్లీ, లే, నాదే తప్పు, లేచి చెప్పు, నేను ఏమీ అనను, నువ్వు చెప్తే నాకెంత బాగుంటుందో నీకు తెలియదు. అలా నిలబడ్డాను కెమెరా ముందు. లెన్సు నల్లగా, గుండ్రంగా, రెప్ప వేయకుండా నన్ను చూస్తోంది. దాంట్లో చిన్నగా నేనే ఉన్నాను, చేతులు వెనక్కి కట్టుకుని. గడ్డమతను లెన్సు తిప్పే చక్రం మీద చెయ్యేసి బుద్ధిగా నిలబడ్డాడు. పెన్సిలు ఆగలేదు, ఇక్కడ పెన్సిలే లేదు. ఎవరో ఒకరు అంటారులే అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలియదు, మనిషి ఉన్న గది కదా, ఇద్దరున్నారు కదా, వాళ్ళూ ఆరో తరగతి చదివే ఉంటారు కదా. స్పాంజి గోడలు నా ఊపిరి కూడా మింగేస్తున్నాయి. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. దుప్పటి గుర్తొచ్చింది. భయమేసింది.

మేడం, ఏమైనా మర్చిపోయారా అంది స్పీకరు.

లేదమ్మా.

గాజు మీద లైన్లు ఆగిపోయాయా.

లేదు, కదులుతూనే ఉన్నాయి. బోర్డు చూశావా అమ్మా అన్నాను.

చూశాను మేడం, రైటింగ్ చాలా నీట్‌గా ఉంది, ఫ్రేములో మధ్యకి భలే వచ్చింది. కంటిన్యూ చేయండి, ఆ గ్యాప్ ఎడిటింగులో తీసేస్తాం.

ఆ అమ్మాయికి లెక్కలు రాక కాదు. ఎం.ఎస్సీ చేసింది, నాకు తెలుసు. ఆమె బోర్డు చూస్తోంది గానీ దాని మీది లెక్క చూడటం లేదు, లెక్క చూడాల్సిన పని ఆమెది కాదు. నేను తప్పు చేయగలనని ఆమె కలలో కూడా అనుకోదు. తెర మీద వచ్చే టీచరుని ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు. రేపు అన్ని బ్రాంచీల్లో, అన్ని గదుల్లో పిల్లలు కూడా ఇలాగే తల వంచుకుని ఎక్కించుకుంటారు. ఏ గోడ పక్కనో ఒకతి ఉంటుంది, నీళ్ళు పోస్తే తగ్గుతాయా అనుకుంటుంది, అనుకుని తెర వంక చూస్తుంది, తెర మీద నేను వెరీ గుడ్ అని ముందుకి వెళ్ళిపోతుంటాను. ఆ పిల్ల తనదే తప్పనుకుంటుంది. తప్పు అలాగే వదిలేయడానికి వీల్లేదు. బోర్డు దగ్గరికి వెళ్ళి ఐదింట రెండు తుడిచేశాను. నా తప్పు నేను దిద్దుకోవడం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. హారాలు సమానం చేయాలి పిల్లలూ, ఆరింట మూడు, ఆరింట రెండు, మొత్తం ఆరింట ఐదు. అర్థమైందా. రెండు సెకన్లు. వెరీ గుడ్.

ఒక్క టేకులో అయిపోయింది మేడం, మీరు దీనికోసమే పుట్టారు అంటూ ఆ అమ్మాయి పరుగున వచ్చింది. నిజంగానే సంతోషపడుతోంది. పక్క గదిలోకి తీసుకెళ్ళి తెర మీద చూపించింది, అప్పుడే గబగబా రెండు మీటలు నొక్కి మధ్యలోది కత్తిరించి అతికేసింది కూడా. తెర మీద ఒకావిడ బోర్డు వైపు తిరిగింది, సమానం గుర్తు పెట్టింది, ఆ మరుక్షణం హారాలు సమానం చేయాలి పిల్లలూ అంటోంది. చూసేవాళ్ళకి ఆ రెంటి మధ్య ఏమీ జరగలేదు. చక్కగా, తడబాటు లేకుండా, ఎవరి అవసరమూ లేకుండా చెప్పుకుపోతోంది ఆవిడ. నవ్వాల్సిన చోట నవ్వుతోంది. ఎవరూ లేని చోట వెరీ గుడ్ అంటోంది. ఇంతమంది పిల్లలతో ఒకేసారి మాట్లాడబోయే మనిషి, ఎంత ఒంటరిగా ఉందో. ఆవిడని నేను రోజూ ఇంట్లో చూస్తూనే ఉన్నాను, ఇక్కడ కూడా ఎందుకు.

ఎలా ఉంది మేడం అంది.

బాగుందమ్మా. నేను క్లాసులోనే ఉంటాను అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఫెసిలిటేటర్‌గానా మేడం, అక్కడ మీరు పాఠం చెప్పడానికి ఉండదు, తెలుసు కదా, ఊరికే నిలబడాలి, మీలాంటి వాళ్ళు ఊరికే నిలబడటం ఏంటి మేడం అంది. ఆమె కళ్ళల్లో నిజంగానే బాధ కనిపించింది. పెద్ద మాటలు చెప్పాలంటే చాలా ఉన్నాయి, పిల్లల మెదడు గురించీ, విద్య గురించీ, అవన్నీ నేను ఎన్నో మీటింగుల్లో చెప్పి చెప్పి విసిగిపోయినవే. నాకు ఎవరైనా తప్పని చెప్తే వినాలని ఉంటుందమ్మా, అది లేకుండా ఉండలేను అన్నాను. అనేసి నీళ్ళ గ్లాసు అందుకున్నాను. ఆ అమ్మాయి తన లిస్టు తీసి చూసుకుంది. ఐతే మిగతా పాఠాలు మీరంతా గడియారం మాస్టారనే ఆయనతో చెప్పిద్దాం, ఈ శాంపిల్ ఇంత బాగా వచ్చింది కాబట్టి మొదటి పాఠంగా ఉంచేస్తాం, పరవాలేదా అంది. ఉంచుకోండి అన్నాను. ఫోను మోగితే బయటికి వెళ్ళింది.

కెమెరామన్ వైర్లు చుట్టుకుంటూ వచ్చాడు. క్లాసుల్లో తెర మీదికి పాఠం పంపే పెట్టెలు కూడా అతనే బిగిస్తాడట, గోడ పక్కన ఒకటి అట్టపెట్టెలోంచి సగం బయటికి తీసి ఉంది. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను, కళ్ళజోడు లేకుండా బటన్ల మీది గుర్తులేవీ తెలియడం లేదు. రేపు నా క్లాసులో దీన్లోంచి నేను చెప్పిన పాఠమే వస్తుంది, మొదటి రోజునే వస్తుంది, సమానం గుర్తు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి ఏం కత్తిరించారో ఆ క్లాసులో నాకొక్కదానికే తెలుస్తుంది.

దీనికి మధ్యలో ఆపే బటనుంటుందా బాబూ అన్నాను.

ఉంటుంది మేడం, ఇదిగో, ఈ పక్కనున్నది. కానీ మధ్యలో ఆపకూడదని రూలు పెట్టారు.

ఏది, ఇదేనా అని వేలుతో తడిమి చూసుకున్నాను.